మా రాజ్‌దూత్ ఎందుకు ఆగిపోయేది?

మా ఇంట్లో రాజ్‌దూత్ 175 మోటారు సైకిలు ఒకటి ఉంది. ఎస్కార్ట్స్ కంపెనీ పోలండు దేశపు ఎస్.హెచ్.ఎల్. బండిని నమూనాగా తీసుకుని 1960లలో మన దేశంలో తయారు చేయడం మొదలుపెట్టిన బండి ఇది. 173 సి.సి., ఒకే సిలిండరు, టూ స్ట్రోక్ ఇంజను. పెట్రోలులోనే ఆయిలు కలిపి పోయాలి. ఇప్పుడు కొత్తవి తయారు కావడం లేదు. ఉన్నవాటిని కాపాడుకోవడమే.

మా నాన్న దీన్ని సెకండ్ హ్యాండులో కొన్నారు. తెల్లవారుజామునే రామభద్రపురం మార్కెట్టుకు వెళ్ళి, కూరగాయల బస్తాలు కట్టుకుని వచ్చి, గజపతినగరం చుట్టుపక్కల ఊళ్ళలో అమ్ముతారు. నా పుస్తకాలు, పరీక్ష ఫీజులు అన్నీ ఆ బస్తాల్లోంచి వచ్చినవే.

పోయిన వేసవిలో ఈ బండికి ఒక రోగం పట్టుకుంది. ఉదయం ఒక్క కిక్కుకే స్టార్టయ్యేది. నాలుగు కిలోమీటర్లు చక్కగా నడిచేది. ఆ తర్వాత యాక్సిలేటరు ఎంత తిప్పినా లాగేది కాదు. ఎదురు ఎత్తు వచ్చిందంటే ఆగిపోయేదే. పది నిమిషాలు చెట్టు కింద నిలబెడితే మళ్ళీ ఏమీ ఎరగనట్టు కదిలేది. మార్కెట్టుకు ఆలస్యంగా వెళితే మంచి సరుకు అయిపోతుంది. మిగిలిన సరుకుకు బేరం ఉండదు.

ఇద్దరు మెకానిక్కులకు చూపించాము. ఇద్దరిదీ ఒకటే మాట. "ఇంజను వేడెక్కిపోతంది, బోరు అరిగిపోయింది. ఇంజను దించి, బోరు చేయించి, కొత్త పిస్టను వేయాల" అన్నారు. పాత బండికి సామాన్లు దొరకవు. దొరికినా ఏడెనిమిది వేలు అవుతుంది. పాత ఇనుముకి అమ్మేసి ఫైనాన్సులో కొత్త బండి తీసుకోమని బంధువులు సలహా ఇచ్చారు. నెలనెలా వాయిదా అనేసరికి నాన్నకు దిగులు పట్టుకుంది. "నువ్వు ఎమ్మెస్సీ సదువుతున్నావు గదా, ఓపాలి సూడు బాబూ" అన్నారు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. నేను చదివేది ఫిజిక్సు, మెకానిక్కు పని కాదు. అయినా కాదనలేకపోయాను.

షెడ్డులో నిలబెట్టి చూస్తే ఆ బండికి ఏ రోగమూ కనిపించేది కాదు. రోగం రోడ్డు మీదే వచ్చేది. కాబట్టి ఆగిన చోటే చూడాలనుకుని, ప్లగ్గు పానా జేబులో పెట్టుకుని నాన్న వెనక కూర్చున్నాను.

ఇంజను నడవాలంటే పెట్రోలు, గాలి, సరైన సమయానికి నిప్పురవ్వ, సిలిండరులో తగినంత కంప్రెషను కావాలి. టూ స్ట్రోక్ ఇంజనుకు సైలెన్సరులోంచి పొగ సాఫీగా పోవడం కూడా అంతే ముఖ్యం. వీటిని ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోవాలి. ఒకేసారి రెండు మారిస్తే దేనివల్ల బాగయిందో తెలియదు.

మానాపురం ఇంకా రాకముందే బండి ఆగింది. వెంటనే కిక్కు నొక్కి చూశాను. గట్టిగానే ఉంది. బోరు నిజంగా అరిగిపోతే వేడి మీద కిక్కు వదులుగా దిగిపోవాలి. ప్లగ్గు విప్పి, హెడ్డుకి ఆనించి కిక్కు కొట్టాను. నీలం రవ్వ బాగానే వచ్చింది. కాయిలు, కండెన్సరు వేడికి పాడైతే ఆ సమయంలోనే రవ్వ నీరసించాలి. సైలెన్సరులో మసి పేరుకుంటే బండి మొదటి నుంచీ లాగకూడదు.

ఇక ప్లగ్గు రంగు. కాఫీ రంగులో ఉంటే అంతా సరిగా ఉన్నట్టు. నల్లగా, జిడ్డుగా ఉంటే పెట్రోలో ఆయిలో ఎక్కువైనట్టు. తెల్లగా ఉంటే పెట్రోలు చాలనట్టు. మాది తెల్లగా ఉంది. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు వస్తోంది. దానివల్ల పాత కార్బురేటరు బండ్లకు మిశ్రమం కొంత పలచబడుతుంది. కాని అది స్టార్టు చేసిన దగ్గర నుంచీ ఉండాలి. నాలుగు కిలోమీటర్ల తర్వాత మొదలవడానికి వీల్లేదు. కార్బురేటరు దగ్గర పైపు పీకి చూస్తే, ట్యాంకు సగం ఉన్నా పెట్రోలు చుక్కలు చుక్కలుగా పడుతోంది.

అప్పుడు నాన్న ఒక మాట అన్నారు. "ట్యాంకు నిండా పోయించిన్నాడే ఎక్కువ ఏడిపిస్తంది. అడుగంటినప్పుడే నయం." నేను వెంటనే ట్యాంకు మూత తిప్పాను. ఉస్సుమని గాలి లోపలికి పోయింది. పైపులోంచి పెట్రోలు ధారగా వచ్చింది.

తమ్ముళ్ళూ, మన హాస్టలు వంట మాస్టారు నూనె డబ్బాకు రెండు కన్నాలు ఎందుకు కొడతారో గమనించారా? ఒక కన్నం నూనె రావడానికి, రెండోది గాలి పోవడానికి. బండి ట్యాంకు మూతకు కూడా అలాంటి సన్నని కన్నం ఉంటుంది. అది మూసుకుపోతే ఏమవుతుందో లెక్క వేశాను. కార్బురేటరు కంటే పెట్రోలు మట్టం పావు మీటరు ఎత్తున ఉంటే, ఆ ఎత్తు ఇచ్చే ఒత్తిడి వాతావరణ పీడనంలో 2 శాతం లోపే. ట్యాంకులో గాలి ఒత్తిడి అంత తగ్గితే చాలు, పెట్రోలు దిగదు. ట్యాంకులో 5 లీటర్ల గాలి ఉంటే, 100 మిల్లీలీటర్ల పెట్రోలు పోయేసరికి ఆ 2 శాతం తగ్గుతుంది. లీటరుకు 40 కిలోమీటర్లు వేసుకుంటే అది 4 కిలోమీటర్లు. ట్యాంకు నిండా పోసి ఒక్క లీటరు గాలే ఉంటే కిలోమీటరు లోపే ఆగాలి. ఇది ముతక లెక్కే. పెట్రోలు ఆవిరి వల్ల, ఎండ వల్ల అంకెలు మారతాయి. కాని నాన్న చెప్పిన మాటకు సరిపోయింది. ఇంజను వేడి అయితే ట్యాంకు నిండుగా ఉంటే ఏమి, ఖాళీగా ఉంటే ఏమి?

పది నిమిషాలు ఆపితే బాగవడం కూడా చల్లారినందువల్ల కాదు. మూత సందుల్లోంచి గాలి మెల్లగా దూరినందువల్ల.

మూత విప్పి చూస్తే లోపల సైకిలు ట్యూబు ముక్క ఉంది. గతుకుల్లో పెట్రోలు చిమ్మి కూరగాయల బస్తాల మీద పడుతోందని నాన్నే వాషరులా కోసి పెట్టారు. కొన్నాళ్ళు బాగానే పనిచేసింది. కాని రబ్బరు పెట్రోలులో నానితే ఉబ్బుతుంది. మెల్లగా ఉబ్బి ఆ కన్నాన్ని మూసేసింది. అందుకే రోగానికీ ఆ ముక్కకూ సంబంధం ఎవరికీ తట్టలేదు. గుండుసూదితో కన్నం శుభ్రం చేసి, పెట్రోలుకు తట్టుకునే వాషరు వేశాము. ముప్పై రూపాయలు అయింది. బోరు జోలికి పోలేదు. నాన్న ఈ రోజుకీ అదే బండి మీద మార్కెట్టుకు వెళ్తున్నారు.

ఒత్తిడి పాఠం నేను ఈ హాస్టల్లో ఉండి చదువుకున్నదే. పరీక్షలో మార్కులు వచ్చాయి, మరిచిపోయాను. నాన్న బడికి వెళ్ళలేదు గాని, ట్యాంకు నిండుగా ఉన్న రోజుకూ లేని రోజుకూ తేడా కనిపెట్టారు. ఆ మాట లేకపోతే నా లెక్కకు అంకెలే లేవు.

మనలో ఎవరికైనా మార్కులు తగ్గితే "వీడికి బుర్ర లేదు" అని తొందరపడి అనేస్తుంటారు. అది ఇంజను దించమనడం లాంటిదే. వాడికి బోర్డు కనిపిస్తోందా, రాత్రి నిద్ర పడుతోందా, ఏ లెక్క దగ్గర ఆగిపోతున్నాడు, ముందు అడగండి. ఆగిన చోటే అడగండి.

— పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (ఫిజిక్సు)