మెట్ల కిన్నెరకు దొరకని కొలువు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరులో వేర్వేరు జిల్లా కేంద్రాలయ్యే వరకు పాలమూరు జిల్లాలోనివే. వీటిలో గద్వాల, వనపర్తి నిజాం ఏలుబడిలో సంస్థానాలు. పండితులకు, కవులకు ఏటేటా సంభావనలిచ్చి ఆదరించినందువల్ల గద్వాలకు విద్వద్గద్వాల అన్న పేరు కూడా వచ్చింది. ఆ ఆదరణ అందని వాద్యం ఒకటి ఇదే నేల మీద బతికింది. అది డక్కలివారి మెట్ల కిన్నెర. డక్కలివారు మాదిగలకు ఆశ్రితులు, అంటే మాదిగల వంశ చరిత్రను, జాంబపురాణాన్ని చెప్పి, ప్రతిఫలాన్ని వారి దగ్గరే హక్కుగా పుచ్చుకునేవారు. ఊరికి వెలుపల మాదిగవాడ, ఆ వాడకూ అవతల డక్కలి గుడిసె ఉన్న వ్యవస్థలో ఈ వాద్యానికి రాజాశ్రయం దొరకలేదంటే ఆశ్చర్యం లేదు.

అయినా కిన్నెర నిన్నమొన్నటిది కాదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య కథ చెప్పాడంటే, కిన్నెర వాయించే భక్తుడు శివకవికి ఎంత ఆదరణీయుడో ఊహించవచ్చు.

ఈ ప్రాంతానికి వాద్యాన్ని చూడాలని వచ్చినవారు ముందు పాట వినబోతారు గానీ, నిజానికి చూడవలసినవి వాయించేవారి చేతులు. వెదురు దండె, దానికి కట్టిన ఎండు సొరకాయ బుర్రలు, దండె మీద తేనెమైనంతో నిలిపిన మెట్లు, వాటి మీదుగా సాగే తీగ: వాద్యమంతా ఇంతే. ఎడమచేతి వేళ్లు మెట్ల మీద నడుస్తుండగా కుడిచేయి తీగ మీటుతుంది, గొంతు ఆ రెండింటినీ కలుపుకొని కథలోకి వెళుతుంది. మెట్టు కదిలి స్వరం తప్పినప్పుడు పాట ఆపి, బొటనవేలితో మైనాన్ని మెత్తబరిచి, మెట్టును వెంట్రుకవాసి జరిపి, మళ్లీ మీటి, చెవికి సరిపడే దాకా అదే పని చేసే ఓపికలో ఒక పూర్తి శాస్త్రం ఉంది. సరస్వతీ వీణ మీది 24 మెట్లను నిలిపేదీ మైనమే. ఆ పనిని విద్య అన్నవారు ఈ పనిని భిక్షకుల నేర్పుగా లెక్కగట్టడం అన్యాయం.

పన్నెండు మెట్ల కిన్నెరను లోకానికి వినిపించినవారు నాగర్‌కర్నూలు జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య. ఉన్నవారిని దోచి లేనివారికి పెట్టిన పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ వంటి పాలమూరు వీరగాథలు ఆయన గొంతులో నిలిచాయి. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాట ఆరంభంలో ఆయన గొంతు వినబడ్డాక ఇంటింటికీ ఆ పేరు తెలిసింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. రెండేళ్లు తిరిగేసరికి, 2024లో, ఆయన కూలిపనికి వెళుతున్న వార్త పత్రికలకెక్కింది. ఆ వార్త చదివి కలత పడనివారు ఉండరు. కానీ కలత అక్కడితో ఆగిపోతే ప్రయోజనం లేదు.

సత్కారం వేరు, కొలువు వేరు. కొలువంటే ఎలా ఉంటుందో చూడండి: జర్మనీలో సంగీతకర్త బాఖ్ 1703లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఆర్న్‌స్టాట్ పట్టణపు చర్చిలో ఆర్గాన్ వాయించే ఉద్యోగంలో చేరాడు. ఆర్గాన్ అంటే గొట్టాల గుండా గాలిని పంపి మెట్లు నొక్కి పలికించే భారీ వాద్యం. ఆ కొలువుకు జీతం ఉంది, వాయించడానికి వారం వారం ఆరాధన ఉంది, వాద్యం చెడితే బాగుచేయించే బాధ్యత చర్చిది. వాయించేవాడు వెళ్లిపోయినా కొలువు ఉంటుంది, దానిలోకి మరొకడు వస్తాడు. కిన్నెరకు అటువంటి కొలువు ఒకప్పుడు లేకపోలేదు. మాదిగవాడలో డక్కలికి ఉన్న హక్కే ఆ కొలువు. ఆ కట్టుబాటు అవమానంతో ముడిపడి ఉన్నందున అది పోవడం మంచిదే, కానీ దానితో పాటు కూడు కూడా పోయింది, ఆ ఖాళీని ఎవరూ పూడ్చలేదు.

ఒక మనిషికి బిరుదిచ్చినంత మాత్రాన బుర్ర ఎండబెట్టడం, వెదురు ఎంచడం, మైనం కాచడం మరొకరికి రావు. నాగర్‌కర్నూలులోనో వనపర్తిలోనో ప్రభుత్వ కళాశాల ఒకదానిలో కిన్నెరకు నెలజీతపు గురుపీఠం, దానికి అనుబంధంగా వాద్యం చేసే పనిశాల ఏర్పరచి, మొదటి ప్రవేశాలు డక్కలి పిల్లలకు ఇచ్చి, పట్టాతో సంబంధం లేకుండా వాయించే పెద్దలనే గురువులుగా నియమించాలి. ఈ పనిని ఆ పెద్దల చేతులకు సత్తువ ఉండగానే మొదలుపెట్టాలి.