బ్యాంకాక్‌లో ఒక పగలు

పోయిన జులైలో మా అమ్మాయిని మెల్‌బోర్న్‌లో మాస్టర్స్‌కి చేర్పించి వస్తూ దారిలో బ్యాంకాక్‌లో ఆగాం. సరదా పడి ఆగిందేమీ కాదండీ. టికెట్టు చవగ్గా వస్తోందని మావారు బుక్ చేసేశారు. తీరా చూస్తే పొద్దున్న దిగితే మళ్ళీ రాత్రికి గానీ హైదరాబాద్ విమానం లేదు.

నిజం చెప్పొద్దూ, ఆ రోజు మా ఇద్దరికీ మాటల్లేవు. హాస్టల్ గేటు దగ్గర నేనింకా పిల్లకి జాగ్రత్తలు చెప్తూనే ఉన్నాను. స్వెట్టర్లు ఏ అరలో పెట్టానో, గొంతు నొప్పి వస్తే ఏ మాత్ర వేసుకోవాలో. ఇంతలో "ట్యాక్సీ వచ్చింది, ఇంక పద" అని ఈయన నా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేశారు. కారు మలుపు తిరిగేదాకా నేను వెనక్కి చూస్తూనే ఉన్నాను. ఈయన ఒక్కసారైనా తల తిప్పలేదు. ఏం మనిషి అనిపించింది. విమానంలో అన్ని గంటలూ కళ్ళకి గంత కట్టుకుని పడుకున్నట్టు నటించాను.

బ్యాంకాక్ విమానాశ్రయం పేరు సువర్ణభూమి. ఆ పేరు చదవగానే ప్రాణం లేచొచ్చింది గానీ, వాళ్ళ నోట్లో అది 'సువన్నపూమ్' అయిపోయింది. పెట్టెలు అక్కడే సామాన్ల కౌంటర్లో పెట్టి రైలెక్కాం. తర్వాత ఇంకో రైలు మారి, చావ్ ప్రయా నది మీద పడవెక్కి రాజభవనం దగ్గర దిగాం. మనిషికి 500 బాత్‌లు టికెట్టు. ఈయన దాన్ని రూపాయల్లోకి మార్చుకుని ఓ నిట్టూర్పు విడిచారు. నేను పలకలేదు.

ఆ ఆవరణలోనే మరకత బుద్ధుడి గుడి ఉంది. విగ్రహం చిన్నది, రెండడుగుల పైన కాస్త ఉంటుందేమో. ఎండాకాలం, వానాకాలం, చలికాలం అని ఏడాదికి మూడుసార్లు రాజుగారే స్వయంగా ఆయనకి వస్త్రాలు మారుస్తారట. అది తెలిసి నాకు మళ్ళీ స్వెట్టర్లే గుర్తొచ్చాయి. అక్కడ మెల్‌బోర్న్‌లో చలి వణికిస్తోంది. ఇక్కడ చూస్తే చెమటకి జాకెట్టు ఒంటికి అతుక్కుపోతోంది.

గుడి చుట్టూ ఉన్న వసారా గోడల నిండా రామాయణమే! మొత్తం 178 చిత్రాలు. వాళ్ళు రామకియన్ అంటారు. రావణుడు వాళ్ళకి తొత్సకన్, అంటే మన దశకంఠుడే. బంగారు రంగు మెరుపులు చూసుకుంటూ వెళ్తుంటే ఒక చోట ఈయన ఆగిపోయారు. కొండంత తెల్లటి హనుమంతుడు, నోట్లో ఒక మండపం, ఆ మండపంలో రాముడు.

"ఇది మైరావణుడి కథ కదూ?" అన్నారు. నిన్నటి నుంచి ఆయన నాతో అన్న మొదటి మాట అది. "మనవాడు తోక చుట్టి కోట కట్టాడు. వీళ్ళవాడు ఏకంగా నోట్లోనే పెట్టుకున్నాడు."

మా పిల్లకి చిన్నప్పుడు అన్నం తినిపిస్తూ ఈ కథ చెప్పింది ఈయనే. అది తోక కోట దగ్గరే కథ ఆపించేది. మైరావణుడు రాముణ్ణి ఎత్తుకుపోయే భాగం వినడానికి ఒప్పుకునేది కాదు.

ఈయన ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు. "ఇంత కాపలా కాసినా ఆపలేకపోయాడు" అని, మళ్ళీ తనే "పద, ఎండెక్కుతోంది" అన్నారు. ఈసారి ఆ 'పద' నాకు వేరేగా వినిపించింది.

అక్కణ్ణించి వాట్ ఫో నడిచే దూరమే. పడుకున్న బుద్ధుడు, 46 మీటర్ల పొడవు, 15 మీటర్ల ఎత్తు. ఏ వైపు నిలబడ్డా మొత్తం కంటికి ఆనడు. అరికాళ్ళ మీద ముత్యపు చిప్పలు పొదిగి 108 మంగళ చిహ్నాలు. విగ్రహం వెనక గోడ వారన 108 కంచు పాత్రలు వరసగా ఉన్నాయి. కొంచెం డబ్బిస్తే చిన్న గిన్నెడు చిల్లర నాణేలిస్తారు. ఒక్కో పాత్రలో ఒక్కోటి వేస్తూ వెళ్ళాలి. అందరూ వేస్తుంటే ఆ హాలంతా టింగు టింగుమని ఒకటే మోత.

నాది గబగబా అయిపోయింది. వెనక్కి చూస్తే ఈయన ఇంకా సగంలోనే ఉన్నారు. పెదాలు కదుపుతూ ఒక్కోటీ నెమ్మదిగా వేస్తున్నారు. ఈయన గుళ్ళో మంత్రం చదవడం నేనెప్పుడూ చూడలేదు. చివరికి వచ్చాక "ఏం చదువుతున్నారండీ?" అని అడిగాను.

"చదవట్లేదు, లెక్కపెడుతున్నా. దాని కోర్సు రెండేళ్ళు. రెండేళ్ళంటే 104 వారాలు. నాలుగు పాత్రలు ఎక్కువయ్యాయి."

"మరి ఆ నాలుగూ?"

"వాటిల్లోనూ వేశాలే. పరీక్షలూ టికెట్లూ అని ఓ నెల అటూ ఇటూ అవదూ?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నారు. "నిన్న ఇంకో నిమిషం అక్కడుంటే నా వల్ల అయ్యేది కాదు" అన్నారు అటు తిరిగి. ఇరవై నాలుగేళ్ళు కాపురం చేసి కూడా, ఈయన తొందరపెడితే చిరాకనే అనుకుంటూ వచ్చాను నేను. చెయ్యి పట్టుకుని లాగినప్పుడు ఆ చెయ్యి వణికిందేమో గమనించనే లేదు.

బయటికొచ్చి పడవల రేవు దగ్గర కూర్చున్నాం. నదికి అవతల వాట్ అరుణ్, సూర్యుడి సారథి అరుణుడి పేరు మీద. వెళ్దామా అంటే ఇద్దరికీ కాళ్ళు లేవలేదు. ఇక్కణ్ణించే బావుందిలే అనుకుని, కొబ్బరిపాలు పోసిన జిగురన్నం, మామిడిపండు ముక్కలు ఒకటే పొట్లం కొనుక్కుని ఇద్దరం తిన్నాం.

అప్పుడు పిల్ల ఫోన్ చేసింది. "అమ్మా, మందంగా ఉండే స్వెట్టర్లు ఎక్కడ పెట్టావ్?"

నేను నోరు తెరిచేలోపే ఈయన ఫోన్ మీదికి వంగి "రెండో అర, కుడివైపు, తువ్వాళ్ళ కింద" అన్నారు.