ఏడు క్రోసుల లోయలో

కటక్‌లో మూడు తరాలుగా ఉంటున్న మాబోటి కుటుంబాలకు మహానది ఇంటి గుమ్మంలో పారే నది. అయినా ఎగువన అంగుల్, బౌద్ధ్ జిల్లాల నడుమ అది కొండలను చీల్చుకుని వచ్చే సాతకోశియా లోయను మనవాళ్ళలో చూసినవారు తక్కువే. ఏడు క్రోసుల పొడవు కనుక ఆ పేరు. నేటి లెక్కలో సుమారు 22 కిలోమీటర్లు. 1976లో అభయారణ్యం అయింది. 2007లో పులుల రిజర్వు కూడా అయింది గాని, నా మనసు పట్టినది మాత్రం అక్కడి ఘరియాల్ మొసలి.

మొసలి అనగానే మనకు గజేంద్రుడి కాలు పట్టిన మకరే గుర్తుకొస్తుంది. ఇది ఆ జాతి కాదు. ముట్టె పట్టకారులా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. నిండా పళ్ళున్నా చేపలు పట్టడానికే. ఎదిగిన మగదాని ముట్టె చివర చిన్న కుండలాంటి బుడిపె ఉంటుంది. ఆ కుండే, అంటే ‘ఘడా’యే, దానికి పేరైంది. ఈ జాతికి దక్షిణాన చివరి నది మన మహానదే.

1975లో టికరపడాలో వీటి పెంపకం మొదలుపెట్టారు. నందన్‌కానన్‌లోని ఆడవాటికి జోడీగా జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ జూ నుంచి మగదాన్ని తెప్పించారు. మన ఇళ్ళకు ఫారిన్ సంబంధాలు ఇంకా అంతగా రాని రోజులవి! 1980లో పిల్లలు పుట్టాయి. మనుషుల సంరక్షణలో ఘరియాల్ పిల్లలు పుట్టడం ప్రపంచంలో అదే మొదలు.

ఆ తర్వాత వందల పిల్లలను నదిలో వదిలారు. నిలిచినవి బహు కొద్ది. నైలాన్ వలలో పళ్ళు చిక్కుకుంటే విడిపించుకోలేదు. ఊపిరికి పైకి రాలేక నీళ్ళలోనే ప్రాణం పోతుంది.

రాజమండ్రి నుంచి వచ్చిన మా బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్ళాను. "మొసళ్ళకి కాపలా ఏమిటి బావా? మొసళ్ళ నుంచి మనుషులకి కావాలి గాని" అని నవ్వాడు. పడవ నడిపే పెద్దాయన నవ్వలేదు. ఆయన అన్నది తెలుగులో చెప్పాలంటే, "వల కోస్తే మొసలి బతుకుతుంది. కొత్త వల కొనేదాకా మా పొయ్యి వెలగదు." మా బావమరిది మరి మాట్లాడలేదు. వల తెగితే పరిహారం, మొసలిని కాపాడితే వెయ్యి రూపాయల బహుమతి అని ప్రభుత్వం ప్రకటించడం నాకు అందుకే నచ్చింది. పరిహారం ఆలస్యమైతే మాత్రం ఏ జాలరీ కత్తి తీయడు.

2021 మే నెలలో, నాలుగు దశాబ్దాల తర్వాత, ఆ నదిలోనే సహజంగా పొదిగిన 28 పిల్లలు కనిపించాయి. తర్వాతి ఏళ్ళలోనూ పిల్లలయ్యాయి. వందలో ఒకటో రెండో పెద్దవైతే గొప్ప. వానలు పడి వరద వచ్చిందంటే అవి కొట్టుకుపోతాయి.

వెళ్ళాలనుకునేవారు చలికాలంలో వెళ్ళండి. ఎండెక్కాక ఇసుక తిన్నెల మీదికి వచ్చి పడుకుంటాయి. పిల్లలకు ముందే చెప్పండి, పడవలో కేకలు పెట్టకూడదని. మా బావమరిది పెట్టిన ఒక్క కేకకు మూడూ నీళ్ళలోకి జారిపోయాయి.