ఎడమ సాంచా, కుడి తుపాకీ

ఎడమచేతి వాటం పిల్లలు పదిమందిలో ఒకరు ఉంటారని చెబుతారు. ఆ లెక్కన మన పద్మనగర్‌లో గల్లీకి ఇద్దరు ముగ్గురైనా ఉండాలి. కాని పెళ్ళి పంక్తిలో చూడండి, ఎడమచేత్తో తినేవాళ్ళు ఒక్కరూ కనిపించరు. వాళ్ళు ఎక్కడికీ పోలేదు. అన్నం ముద్ద పట్టడం వచ్చిన నాడే ఇంట్లో పెద్దవాళ్ళు చేతిమీద ఒకటి వేసి కుడివైపు తిప్పేశారు. మనవాళ్ళు దీన్ని 'పుర్రచెయ్యి' అంటారు, ఇక్కడి మరాఠీవాళ్ళు 'డావఖురా' అంటారు. ఏ భాషలో అన్నా మొహం కాస్త చిట్లించే అంటారు.

నేను సిరిసిల్ల ప్రాంతం నుంచి వచ్చి భివండిలో ముప్పై ఏళ్ళకు పైగా సాంచాలు బాగుచేసినవాణ్ణి. చదువు తక్కువ, నట్లూ బోల్టులూ ఎక్కువ. చేతుల గురించి నాలుగు మాటలు రాసే ధైర్యం ఆ పనివల్లే వచ్చింది.

సాంచాలకు కూడా కుడి ఎడమలున్నాయని నేసినవారికి తెలుసు. ఉద్యోగాల్లో స్థిరపడిన మన పిల్లల కోసం చెబుతున్నాను. సాంచాకు ఎదురుగా నిలబడినప్పుడు దాన్ని నడిపించి, ఆపే హ్యాండిల్ కుడిపక్కన ఉంటే అది కుడి సాంచా, ఎడమపక్కన ఉంటే ఎడమ సాంచా. ఈ రెండింటినీ జతగా బిగిస్తే హ్యాండిళ్ళు రెండూ దగ్గర దగ్గరగా వస్తాయి. మధ్యలో నిలబడ్డ మనిషి పోగు తెగిన సాంచాను ఒక్క అంగలో అందుకుంటాడు. అందుకోసం కంపెనీలవాళ్ళు ఒకే యంత్రాన్ని, అద్దంలో బొమ్మలాగా, రెండు రకాలుగా పోతపోసి తయారుచేశారు. నేతగాడి మీద ప్రేమతో కాదు సుమండీ, ఒక్కడి చేత ఎక్కువ సాంచాలు నడిపించవచ్చని! ఏమైతేనేం, నాలుగు అడుగులు మిగల్చడానికి ఇనుమునే అటుదిటు, ఇటుదటు చేశారు.

పాత చేమగ్గం సంగతీ ఇంతే. 1733లో ఇంగ్లండులో జాన్ కే అనే ఆయన తాడు లాగితే పరుగెత్తే నాడెకు పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందు నాడెను కుడిచెయ్యి విసిరితే ఎడమచెయ్యి పట్టేది, ఎడమచెయ్యి విసిరితే కుడిచెయ్యి పట్టేది. రెండు చేతులకూ ఒకటే కూలి. ఎక్కువ తక్కువలు లేవు.

ఇక మా ఇంటి సంగతికి వస్తాను. మా రెండో అమ్మాయిది పుట్టుకతోనే ఎడమచేతి వాటం. మా అవ్వ దాని వెంటబడి, "ఆడపిల్లవు, పుర్రచేత్తో బువ్వ తింటే అత్తగారింట్ల ఏమంటరే?" అని కుడిచేత్తో తినడం నేర్పింది. తిండి వరకు అది లొంగింది. రాతా, కుట్టూ, రాయి విసరడమూ మాత్రం ఎడమచేత్తోనే. నేను అడ్డం చెప్పలేదు. కార్ఖానాలో ఎడమ సాంచా కుడి సాంచా కంటే ఒక్క మీటరు కూడా తక్కువ నెయ్యడం నేను చూడలేదు కనుక!

1996లో అది కాలేజీలో ఎన్.సి.సి.లో చేరింది. తెల్లారగట్ల ఖాకీ బట్టలేసుకుని పోతుంటే గల్లీ అంతా తలుపుల్లోంచి చూసేది. ఆ ఏడు క్యాంపులో పాయింట్ టూటూ రైఫిలుతో కాల్చడం మొదలుపెట్టారు. ఇరవై అయిదు గజాల దూరంలో గురి, బోర్లా పడుకుని అయిదు గుళ్ళు కాల్చాలి. అక్కడి ఉస్తాద్ అందరిలాగే దీన్నీ కుడిభుజానికి ఆనించమన్నాడు. అయిదు గుళ్ళూ అయిదు దిక్కులకు పోయాయి. రెండోసారీ అంతే. కాల్చే జట్టులోంచి పేరు తీసేస్తామన్నారు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, "బాపూ, నాకు గురి లేదట" అంది. కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు గాని గొంతు వేరుగా ఉంది. ఒకటి రెండు రోజులు చూసి, ఎన్.సి.సి. మానేస్తానంది. "ఆడపిల్లకు తుపాకెందుకు?" అన్నవాళ్ళకు అదే కావాలి.

నాకు తుపాకుల సంగతి తెలియదు. కాని ఏ యంత్రం మొండికేసినా నేను ముందు వేసుకునే ప్రశ్న ఒకటుంది. దోషం మొత్తం సాంచాలో ఉందా, ఒక్క ముక్కలోనా? దాన్నే అడిగాను. "బిడ్డా, ఆ తుపాకీల కుడిపక్కకు ఉన్నయి ఏమేమి ఉన్నయో ఒక్కొక్కటి చెప్పు" అన్నాను. అది వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. గురిచూసే ముల్లు నడిమధ్యన ఉంది. ట్రిగ్గరు కూడా నడిమధ్యనే. భుజానికానే కర్ర రెండువైపులా ఒకేలా ఉంది. పట్టీని ఏ చేతికైనా చుట్టుకోవచ్చు. చివరికి మిగిలింది ఒక్క బోల్టు. గుండు పేలాక పైకెత్తి, వెనక్కి లాగి, ఖాళీ గొట్టాన్ని బయటకు తోసే ఆ పిడి ఒక్కటే కుడివైపున ఉంది.

ఆ పిడిని ఎడమవైపుకు మార్చడం మన వల్ల కాదు. రైఫిలు నడుము అటువైపే కోసి ఉంటుంది. ఎడమ బోల్టు కావాలంటే తుపాకీనే వేరుగా తయారుచెయ్యాలి. పైగా అది సర్కారు సొత్తు, స్క్రూ కూడా ముట్టుకోకూడదు. తుపాకీ మారకపోతే పని జరిగే వరస మారాలి. ఎడమభుజానికి ఆనించి, ఎడమ వేలితో ట్రిగ్గరు నొక్కేటప్పుడు కుడిచెయ్యి ముందు భాగాన్ని మోస్తుంది. ముందు ఇసుకసంచీ ఆధారంగా ఉంటే, గుండు పేలాక ఆ కుడిచెయ్యికి వేరే పని లేదు. అదే వెనక్కి వచ్చి బోల్టు తిప్పి మళ్ళీ తన చోటికి పోవచ్చు. ఎడమచెయ్యి తుపాకీని భుజానికి అదిమి పట్టుకుని కదలకుండా ఉంటుంది, వేలు మాత్రం ట్రిగ్గరు బయటకు రావాలి. అలాకాకుండా ఎడమచేతిని తుపాకీ మీదుగా అటువైపు చాపితే గొట్టం పక్కకు తిరుగుతుంది. పక్కన పడుకున్న పిల్లలకు అది ప్రమాదం.

ఇంకొకటి, కన్ను. చేతికి వాటం ఉన్నట్టే కంటికీ వాటం ఉంటుంది. నూలుకోను మధ్యనుండే అట్టగొట్టం చేతికిచ్చి, "ఎదురింటి లైటు చూడు" అన్నాను. ఆలోచించకుండా ఎడమకంటికి పెట్టుకుంది. అంటే కుడిభుజం మీంచి కాల్చమన్నప్పుడు, అది చూపు బాగా నిలిచే కన్ను మూసుకుని రెండో కంటితో గురిచూస్తోందన్నమాట. గురి లేక కాదు, చూసే కన్నే మూయించారు.

సాంచాలో నాడెను కొట్టే పాత కర్రలు రెండు కలిపి, ఇనుపముక్కలు కట్టి మూడు కిలోల బరువుకు తెచ్చి ఒక ఉత్తుత్తి తుపాకీ చేశాను. కుడివైపున తలుపు గడియ బిగించాను. పాల సంచీలో ఇసుక నింపి కింద పెట్టాం. రోజూ రాత్రి అమ్మాయి నేలమీద పడుకుని వందసార్లు గడియ లాగేది, తోసేది. మా అవ్వ మంచం మీంచి చూసి, "ఇంట్ల సాంచా సప్పుడు సాలలేదా?" అనేది. నేను ఉస్తాద్ గారికి హిందీలో ఒక ఉత్తరం రాయించి పంపాను. ఆయన చదివి, "దగ్గర నేనే ఉంటాను, కాల్చు" అన్నారట. ఆ మాటకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. ఆ రోజు దాని అయిదు గుళ్ళూ ఒక అగ్గిపెట్టె వెడల్పులో పడ్డాయి. పతకాలేమీ రాలేదు. జట్టులో పేరు మాత్రం ఉండిపోయింది, ఎన్.సి.సి. మూడేళ్ళూ పూర్తిచేసింది.

తర్వాత ఆసక్తి కొద్దీ తెలుసుకుంటే, ఈ బాధ సైన్యాలకే తప్పలేదని తెలిసింది. తనంతట తాను గొట్టాలను బయటకు విసిరే తుపాకుల్లో, ఎడమభుజం మీంచి కాలిస్తే కాలిన గొట్టాలు మొహం వైపు వస్తాయి. అమెరికావాళ్ళు ఎమ్16ఏ2 రైఫిలులో వాటిని పక్కకు మళ్ళించే చిన్న ముక్కను పెట్టారు. 1977లో ఆస్ట్రియా సైన్యం తీసుకున్న స్టయర్ రైఫిలులో బోల్టు మార్చి, మూత అటునుంచి ఇటు పెడితే గొట్టాలు ఎడమవైపు పడతాయి. 1985లో బ్రిటిషు సైన్యం తీసుకున్న రైఫిలును మాత్రం కుడిభుజం మీంచే కాల్చాలి. అక్కడ ఎడమచేతివాళ్ళే మారవలసి వచ్చింది. ఒకరు ముక్కను మార్చారు, ఒకరు మనిషిని మార్చారు.

హంగరీకి చెందిన కారోయ్ టకాచ్ కథ ఇంకా గొప్పది. 1938లో సైనిక శిక్షణలో గ్రెనేడు పేలి ఆయన కుడిచెయ్యి పాడైపోయింది. పిస్తోలు ఎడమచేత్తో సాధనచేసి, 1948 లండన్‌లోనూ 1952 హెల్సింకీలోనూ ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. మనకూ ఉన్నాడుగా, రెండు చేతులా గాండీవం లాగిన సవ్యసాచి! అర్జునుడి ఎడమచేతిని పొగిడే మనం పిల్లల ఎడమచేతిమీద కొట్టడమేమిటో!

2008లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చాక, మన పిల్లలు కూడా ఎయిర్ రైఫిలు నేర్చుకుంటామంటున్నారు. ఎడమచేతి పిల్లలున్న తల్లిదండ్రులకు నాదొక మనవి. కొనేముందు రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి దూరపు వస్తువును చూడమనండి. తర్వాత ఒక్కో కన్నూ మూయమనండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వస్తువు సందులోనే నిలుస్తుందో అదే గురి కన్ను. చెంప ఆనే దిమ్మె, అరచేతి పిడి ఎడమవాటానికి చేసిన పోటీ రైఫిళ్ళు దొరుకుతాయి, అడిగి తీసుకోండి. కోచ్‌కు మొదటి రోజే చెప్పండి.

తుపాకీ ఒక్కటే కాదు. కత్తెర, రాతపలక ఉన్న కాలేజీ కుర్చీ, కుట్టుమిషను, అన్నీ కుడిచేతివాళ్ళు తమకోసం చేసుకున్నవే. బిడ్డ తడబడితే ముందు వస్తువును తిప్పి చూడండి. అడ్డం వచ్చేది సాధారణంగా ఒక్క ముక్కే. దాన్ని మార్చగలిగితే మార్చండి, లేకపోతే పని వరస మార్చండి. బిడ్డ చెయ్యిని మాత్రం మార్చకండి. పోతపోసిన ఇనుముకు ఇచ్చిన మర్యాద కన్నబిడ్డకు ఇవ్వలేమా?