దొరికినట్టే దొరికి...

'స్టార్‌ ట్రెక్‌' అభిమానులకు వల్కన్‌ గ్రహమంటే ప్రాణం. 1966లో టీవీలో మొదలైన ఆ కథల్లో, మొనదేలిన చెవుల స్పాక్‌ పుట్టినిల్లు అదే మరి! అది 40 ఎరిడానీ అనే నిజమైన నక్షత్రం దగ్గరే ఉందని సృష్టికర్త జీన్‌ రాడెన్‌బెరీ 1991లో ముగ్గురు ఖగోళ శాస్త్రవేత్తలతో కలిసి రాశారు.

2018లో నిజంగానే అక్కడో గ్రహం జాడ కనిపించిందన్నారు. 16 కాంతి సంవత్సరాల దూరంలో, 42 రోజులకో చుట్టు! అభిమానుల ఆనందం అంతా ఇంతా కాదు. అయితే, ఆ నక్షత్రం తన చుట్టూ తాను తిరగడానికీ దాదాపు అన్ని రోజులే పడుతుంది. అక్కడే అనుమానం. 2024లో మరింత నిశితంగా కొలిచి చూస్తే, ఆ జాడ నక్షత్రం ఉపరితలంలోని అలజడేనని తేలింది.

2009 నాటి సినిమాలో వల్కన్‌ను కృష్ణబిలం మింగేసింది. ఈసారి ఆ పని లెక్కలు చేశాయి. బాధగానే ఉన్నా, మనసుకు నచ్చినదాన్ని కాక రుజువైనదాన్నే నమ్మాలన్నది స్పాక్‌ నేర్పిన పాఠమేగా!