నీలి మంట పక్కన నవ్వే ఆవిడ

2025 సంక్రాంతికి కోనసీమలో మా అమ్మ దగ్గర ఉన్నాను. నెదర్లాండ్స్‌లో, ది హేగ్ నగరంలో చదువుకుంటున్న మా అమ్మాయి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టి అమ్మా, నేనూ కలిసి మాట్లాడుతున్నాం.

"అమ్మా, నువ్వు ఇదివరకు రాసేదానివే, అలాంటి యాడ్స్ ఇక్కడ జనవరి ఒకటి నుంచి బంద్" అంది నవ్వుతూ.

ట్రామ్ స్టాపుల్లో, వీధి బోర్డుల మీద పెట్రోలు, డీజిలు కార్ల ప్రకటనలు ఉండకూడదట. విమాన ప్రయాణాలవి, విహార నౌకలవి, ఇళ్ళకిచ్చే గ్యాస్ కాంట్రాక్టులవి కూడా. 2024 సెప్టెంబరులో నగర పాలక మండలి నిర్ణయించింది. చట్టబద్ధంగా ఈ పని చేసిన మొదటి నగరం ప్రపంచంలో అదే. షెల్ కంపెనీ ఏళ్ళ తరబడి తన ప్రధాన కార్యాలయం పెట్టుకున్న ఊరు కూడా అదే.

పిల్ల మామూలుగానే అంది. "నువ్వు రాసేదానివే" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను.

అవును, రాశాను. హైదరాబాదులో ఒక ప్రకటనల ఏజెన్సీలో పన్నెండేళ్ళు పనిచేశాను. మా క్లయింట్లలో ఒక ఇంధన కంపెనీ ఉండేది. ఇంగ్లీషులో వచ్చిన మాటల్ని తెలుగు చెయ్యడం నా పని. పొయ్యి మీద నీలి మంట, పక్కన ఒక ఆవిడ. ఇస్త్రీ నలగని చీర, చెరగని బొట్టు, చెమట పట్టని మొహం. ఆవిడ నవ్వుకి మాటలు నేనిచ్చేదాన్ని. ఒకసారి, ఆ పొయ్యి దగ్గర మగవాణ్ణి నిలబెడదామా అన్నాను. మీటింగులో అందరూ హాయిగా నవ్వుకున్నారు. నేనూ నవ్వేశాను.

ఆ ఆవిడ మా అమ్మలాగా లేదని నాకు తెలియకపోలేదు. అమ్మ కొబ్బరి మట్టలు, డొక్కలు ఎగేసి వండేది. వానాకాలంలో తడి మట్టలు మండక, గొట్టంతో ఊది ఊది కళ్ళు ఎర్రగా చేసుకునేది. ఆ దగ్గు ఇప్పటికీ పోలేదు. దీపం పథకం 1999లో వచ్చాక డ్వాక్రా గ్రూపు ద్వారా అమ్మకీ ఒక కనెక్షన్ ఇచ్చారు. సిలిండర్‌కి పాత చీర ముక్క కప్పి, చుట్టాలొచ్చినప్పుడు మాత్రం వెలిగించేది. అయిపోతే మళ్ళీ కొనాలిగా!

అందుకే ఈ ప్రకటనలు ఆపాలనే మాటని నేను తేలిగ్గా ఒప్పుకోలేకపోయాను. ఒక స్నేహితురాలు నిలదీసింది కూడా. "యూరప్ వాళ్ళు ఇల్లంతా వెచ్చబెట్టుకుని ఇప్పుడు నీతులు చెబుతున్నారు. మనాడవాళ్ళకి పొగ తప్పించే గ్యాస్ మీద కూడా నిషేధమేనా?" అని. ఆమె కోపం న్యాయమైనదే. కానీ నిషేధం గ్యాస్ మీద కాదు, గ్యాస్ గురించి చెప్పే కథ మీద. మా అమ్మని పొయ్యి దగ్గరనుంచి లేపింది నా కాపీ కాదు. ఆమెకి ఏ కంపెనీ సిలిండర్ కావాలని ఎవరూ అడగలేదు, ఊళ్ళో ఉన్న ఏజెన్సీ ఏదిస్తే అదే. ఆ సిలిండర్‌ని ఆమె రోజూ వాడలేకపోయింది ధర వల్ల, ప్రకటన అందక కాదు. మరి అంత ఖర్చు పెట్టి ఆ నవ్వుని ఎవరికోసం అచ్చేయించారు? తెల్లారి పేపరు చదివేవాళ్ళ కోసం. ఈ కంపెనీలు ఆడవాళ్ళకి మేలు చేస్తున్నాయని వాళ్ళు అనుకుంటే చాలు.

ఆ గ్యాస్ మా నేలలోంచి కూడా వస్తుంది. 1995 జనవరిలో పాశర్లపూడిలో బావి అంటుకున్నప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. అరవై అయిదు రోజులు మండింది. ఆ రంగు నీలం కాదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలింది. ఇరవై మందికి పైగా పోయారు. చుట్టూ ఉన్న కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. పైపులైను మా క్లయింటుది కాదు. కానీ ఆ వారం నా బల్ల మీద వాళ్ళ ప్రకటనే ఉంది, వెనక కొబ్బరితోట బొమ్మతో. "ఇప్పుడు కొబ్బరి చెట్లు బాగుండవు, వరిచేను పెట్టండి" అని సలహా ఇచ్చింది నేనే. పెట్టారు. మాటలు పూర్తిచేసి పంపాను. ఆ నెల జీతంతో పిల్ల స్కూలు ఫీజు కట్టాను. ఇంకో ఏడాది అక్కడే పనిచేశాను. మానేసింది కూడా నడుం నొప్పి వల్ల, అంతరాత్మ వల్ల కాదు.

2024 జూన్ 5న ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్, పొగాకు ప్రకటనల్లాగే వీటినీ ప్రతి దేశం నిషేధించాలన్నాడు. ఏజెన్సీలు కొత్తగా ఇలాంటి క్లయింట్లని తీసుకోవద్దనీ, ఉన్నవాళ్ళని వదిలించుకోవాలనీ అన్నాడు. చదువుతూంటే నా పేరు పెట్టి పిలిచినట్టయింది.

మన దేశంలో కూడా 2024 అక్టోబరులో, పర్యావరణం పేరు చెప్పి తప్పుదారి పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు వచ్చాయి. చెప్పినదానికి రుజువు చూపించాలి. మంచిదే. కానీ నేను రాసినవాటిలో రుజువు అడగడానికి ఏముంది? ఒకావిడ నవ్వుతోంది, మంట నీలంగా ఉంది, పిల్లాడు అన్నం తింటున్నాడు. ఒక్క అబద్ధమూ లేదు. పాశర్లపూడీ లేదు, నగరమూ లేదు, చీర ముక్క కప్పిన సిలిండరూ లేదు. అందుకే నిజమా కాదా అని తేల్చే నియమాలు దీనికి సరిపోవు, బోర్డే తీసెయ్యాలి అని ఇప్పుడనుకుంటున్నాను.

తీసేసినా మాయ తెలిసినవాళ్ళకి దారులుంటాయి. సారా మీద మనాడవాళ్ళు అంత పోరాడాక కూడా మద్యం కంపెనీలు సోడా పేరుతో, పాటల క్యాసెట్ల పేరుతో గోడలెక్కలేదూ! హేగ్ నిషేధంలోనూ ఉత్త కంపెనీ పేరు చెప్పుకునే ప్రకటనకి అడ్డులేదు. ప్రయాణాల వ్యాపారులు కోర్టుకెళ్ళారు గానీ, 2025 ఏప్రిల్‌లో కోర్టు నిషేధాన్ని నిలబెట్టింది.

ఆ రోజు ఫోన్‌లో ఇదంతా అమ్మకి విడమరిచి చెబితే శ్రద్ధగా వింది. నేను పేపర్లో రాసేదాన్నని ఆమెకి గొప్ప. నా ప్రకటనలు కొన్ని కత్తిరించి ట్రంకుపెట్టె అడుగున దాచింది కూడా.

"అయితే ఆ బొమ్మలు పీకేసిన చోట ఏం పెట్టారే బంగారం?" అని మనవరాల్ని అడిగింది.

"మా స్టాపులో అయితే ఏదో సంగీత కచేరీది పెట్టారు అమ్మమ్మా."

"ఆడమనిషి ఉందా అందులో?"

"ఉంది. వయొలిన్ వాయిస్తోంది."

"నవ్వుతోందా?"

"లేదు, కళ్ళు మూసుకుని ఉంది."

అమ్మకి దగ్గు తెర వచ్చింది. ఫోన్ నా చేతికిచ్చి మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళింది.