శబరి ఎక్స్‌ప్రెస్‌లో సినిమా పండక్కి

డిసెంబరులో తిరువనంతపురం ఫిల్మ్ ఫెస్టివల్‌కి వెళ్దామనుకునేవాళ్లకి ఒక మాట. విమానం వద్దు, నలుగురైదుగురు కలిసి శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. గుంటూరు, తెనాలి మిత్రులు మధ్యలో కలుస్తారు. బోగీ నిండా మాల వేసుకున్న స్వాములు. వాళ్లు చెంగన్నూరులో దిగిపోతారు, మనం చివరిదాకా.

గుంపుగా వెళ్లడం ఎంత మంచిదో అక్కడికి చేరాకే తెలుస్తుంది. ఒకే టైముకి నాలుగు థియేటర్లలో నాలుగు మంచి సినిమాలు పడతాయి. ఒక్కరే వెళ్తే మూడు పోయినట్టే. మేం తలో సినిమాకీ వెళ్లి, రాత్రి తంపానూరులో కైరళి థియేటర్ మెట్ల మీద చేరతాం. అక్కడ చెప్పుకునేది కథ కాదు, షాట్లు. మాలో ఒకాయన ఓ ఇరానీ సినిమా గురించి చెబుతూ, తలుపు నెమ్మదిగా తెరుచుకునే షాట్ దగ్గర లేచి నిలబడి రెండు చేతులతో చూపించాడు. తెలుగు ముక్క రాని మలయాళీ కుర్రాళ్లు పక్క మెట్టు మీంచి ఇటు తిరిగి, మేమూ చూశాం అన్నట్టు తలూపారు.

1996లో కోళికోడ్‌లో మొదలైన పండగ ఇది. సీటు దొరక్కపోతే జనం నేల మీద కూర్చుని చూస్తారు. 1986లో ఫిల్మోత్సవ్ జరిగిన మన హైదరాబాద్‌లో ఏటా ఇలాంటిది ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

వచ్చేవాళ్లు ఇన్‌బాక్స్‌లో చెప్పండి. రైలు టికెట్లు ముందే తీసుకోవాలి, అయ్యప్ప సీజన్‌లో వెయిటింగ్ లిస్టు కదలదు.